విడాల్ పాజిటివ్ అంటే టైఫాయిడ్ కాదు

తిరుపతిలో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టాక జ్వరం తొంగిచూడని ఇల్లు తక్కువ. జ్వరం నాలుగు రోజులు నిలిచిందంటే ల్యాబు నుంచి విడాల్ అనే రక్తపరీక్ష ఫలితంగా ఒక చిన్న కాగితం వస్తుంది. దాని మీద టీఓ, టీహెచ్, ఏహెచ్, బీహెచ్ అని నాలుగు వరుసలు, పక్కన 1:80, 1:160 లాంటి అంకెలు, అడుగున ‘పాజిటివ్’ అన్న మాట. అంతటితో ఆ జ్వరానికి పేరు ఖాయమైపోతుంది, యాంటీబయాటిక్ కోర్సు మొదలవుతుంది. మరుసటి ఏడాది మళ్లీ జ్వరం, మళ్లీ అదే కాగితం. “టైఫాయిడ్ తిరగబెట్టింది” అనుకుంటారు. తమకు ఏటా టైఫాయిడ్ వస్తుందని గట్టిగా నమ్మేవాళ్లు ఈ ఊళ్లో నాకు చాలామంది తెలుసు. వాళ్లలో దాదాపు ఎవరికీ రక్తంలోంచి ఆ బాక్టీరియాను పెంచి చూసింది లేదు.

నేను ఇక్కడ డిగ్రీ విద్యార్థులకు సూక్ష్మజీవశాస్త్రం చెబుతాను. నా వాదన ఇది: ఒక్కసారి చేసిన విడాల్ పరీక్షను పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చడం మానేయాలి. దీన్ని వైద్యులు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. కానీ వాళ్లు చెప్పే కారణాలు ఎక్కువగా అంకెల చుట్టూ తిరుగుతాయి. నేను ఇంకొంచెం కిందికి దిగి, ఆ పరీక్ష దేన్ని పట్టుకుంటుందో, దాన్ని బాక్టీరియాలో ఏ జన్యువులు తయారుచేస్తాయో చెప్పాలనుకుంటున్నాను. అక్కడిదాకా వెళ్లి చూసినవారు ఆ కాగితాన్ని మునుపటి నమ్మకంతో చదవలేరు.

ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్నాండ్ విడాల్ 1896లో ఈ పరీక్షను ప్రకటించాడు. రోగి సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, టైఫాయిడ్ బాక్టీరియాను కలిపితే అవి ముద్దలు కడతాయి, ఎందుకంటే సీరంలోని యాంటీబాడీలు అనే రక్షక ప్రొటీన్లు బాక్టీరియా పైభాగాన్ని పట్టుకుంటాయి. ఆ కాలానికి అది గొప్ప పరీక్షే. అయితే అది బాక్టీరియాను వెతకదు. బాక్టీరియా ఒంటి మీద ఉండే కొన్ని యాంటిజెన్ల (యాంటీబాడీలు గుర్తుపట్టే పదార్థాల) పట్ల మన శరీరానికి ఉన్న జ్ఞాపకాన్ని మాత్రమే కొలుస్తుంది. ‘హెచ్’ అన్నది బాక్టీరియా తోకల ప్రొటీను. ‘ఓ’ అన్నది చక్కెర. మనం కాఫీలో వేసుకునే చక్కెర కాదు. గాలక్టోజ్, మానోజ్, రామ్నోజ్ వంటి చక్కెర అణువుల పొడవైన గొలుసు. బాక్టీరియా బయటి పొర నిండా దట్టంగా నిలబడి ఉంటుంది. మన రోగనిరోధక వ్యవస్థ అన్నిటికంటే ముందు తాకేది దాన్నే.

ఈ గొలుసు జన్యుశాస్త్రంలోనే అసలు సంగతి ఉంది. ప్రొటీనుకైతే నేరుగా ఒక జన్యువు ఉంటుంది. చక్కెర గొలుసుకు అలాంటి జన్యువు లేదు. దాన్ని తయారుచేసే, అతికించే, బయటికి చేర్చే ఎంజైములకే జన్యువులు ఉంటాయి. టైఫాయిడ్ బాక్టీరియా చేరిన సాల్మొనెల్లా జాతిలో, దాని బంధువు ఈ-కోలైలో ఈ జన్యువులు చాలావరకు ఒకే చోట గుంపుగా ఉంటాయి. ఒకవైపు గాల్‌ఎఫ్, మరోవైపు జీఎన్‌డీ అనే జన్యువులు హద్దులు. ఆ హద్దులు మారవు, మధ్యలో ఉన్న సరుకే రకానికీ రకానికీ మారిపోతుంది. ఆ మార్పుల వల్లే సాల్మొనెల్లాలో 46 ఓ-రకాలు, తోకల ప్రొటీన్ల తేడాలు కూడా కలుపుకుంటే 2,500కు పైగా సీరోరకాలు (పైనున్న యాంటిజెన్లను బట్టి వేరుచేసిన రకాలు) లెక్కకు వచ్చాయి.

గొలుసు కట్టే పద్ధతి నాకు ఎన్నిసార్లు చెప్పినా విసుగు పుట్టదు. లోపలి పొర మీద ఒక కొవ్వు అణువును ఆధారంగా చేసుకుని మూడు నాలుగు చక్కెరలతో ఒక చిన్న ముక్క తయారవుతుంది. డబ్ల్యూజడ్‌ఎక్స్ అనే ప్రొటీను దాన్ని పొరకు ఆవలివైపు తిప్పుతుంది. డబ్ల్యూజడ్‌వై అనే ఎంజైము అలాంటి ముక్కలను గొలుసుగా కలుపుతుంది. తిరుమల శ్రీవారికి దండలు కట్టేవాళ్లు కొత్త పువ్వును తెచ్చి దండ చివర చేరుస్తారు కదా, ఇక్కడ వరస తారుమారవుతుంది: అప్పటిదాకా కట్టిన దండ మొత్తాన్ని ఎత్తి కొత్తగా వచ్చిన పువ్వు మీద పెడతారు. గొలుసు ఎంత పొడవు ఉండాలో నిర్ణయించడానికి వేరే ప్రొటీను ఉంది. పూర్తయిన గొలుసును బయటి పొరలోకి వెళ్లే పునాదికి అతికించడానికి ఇంకో ఎంజైము ఉంది. వీటిలో ఏ ఒక్క జన్యువు చెడినా ఆ బాక్టీరియా రూపం మారిపోతుంది. ఒక్కోసారి గొలుసే ఉండదు.

ఇప్పుడు టైఫాయిడ్ బాక్టీరియా విషయం. దాని పేరు సాల్మొనెల్లా టైఫి. దాని ఓ-గొలుసులో గాలక్టోజ్, మానోజ్, రామ్నోజ్ ఒక వెన్నెముకగా ఉంటాయి. మానోజ్‌కు పక్కగా టైవెలోజ్ అనే నాలుగో చక్కెర వేలాడుతుంది. టైవెలోజ్‌ను పట్టుకునే యాంటీబాడీలే ‘ఓ-9’ అన్న గుర్తును చదువుతాయి. వెన్నెముక వైపు భాగానికి ‘ఓ-12’ అని పేరు. పారాటైఫాయిడ్ జ్వరం తెచ్చే సాల్మొనెల్లా పారాటైఫి-ఎలో వెన్నెముక అదే. పక్కన వేలాడే చక్కెర మాత్రం పారటోజ్. అందుకే దాని గుర్తు ‘ఓ-2’. పారాటైఫి-బిలో, మన దగ్గర విరేచనాలకు తరచుగా కారణమయ్యే టైఫిమ్యూరియంలో అదే స్థానంలో అబెక్వోజ్ ఉంటుంది, గుర్తు ‘ఓ-4’. ఈ మూడు గుంపులకూ ‘ఓ-12’ ఉమ్మడి.

పారటోజ్‌కూ టైవెలోజ్‌కూ తేడా ఎక్కడ పుట్టిందో చూడండి. బాక్టీరియా ముందు పారటోజ్‌ను తయారుచేస్తుంది. తర్వాత టైవ్ అనే జన్యువు నుంచి వచ్చే ఎంజైము దానిలో ఒక కొసను తిప్పి టైవెలోజ్‌గా మారుస్తుంది. పారాటైఫి-ఎలోనూ ఈ టైవ్ జన్యువు ఉంది. దానిలో డీఎన్‌ఏ అక్షరం ఒక్కటి తప్పిపోవడంతో అక్కడి నుంచి చదువు గతి తప్పి, ఎంజైము మధ్యలోనే ఆగిపోతుంది. టైవెలోజ్ తయారు కాదు, పారటోజ్ అలాగే మిగిలిపోతుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో పీటర్ రీవ్స్ బృందం ఈ జన్యువులను 1989లో చదివి చూపించింది. ఒక్క అక్షరం పోతే ‘ఓ-9’ కాస్తా ‘ఓ-2’ అవుతుంది. వైద్యుడు వేరే గుంపు అని రాసుకునే రెండు బాక్టీరియాల మధ్య, ఈ చక్కెర విషయంలో ఉన్న దూరం అంతే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. గుడ్ల ద్వారా మనుషులకు చేరి కడుపు పాడుచేసే సాల్మొనెల్లా ఎంటెరైటిడిస్‌కు కూడా టైఫిలాగే ఓ-9, ఓ-12 ఉంటాయి. కోళ్లలో జబ్బు తెచ్చే గాలినారమ్, పుల్లోరమ్ రకాలకూ అవే. చిత్తూరు ప్రాంతంలో కోళ్ల ఫారాలు పెట్టుకున్నవారికి పుల్లోరమ్ పేరు కొత్త కాదు. కోడి రక్తపు చుక్కలో రంగు కలిపిన యాంటిజెన్ వేసి ముద్ద కడుతుందేమో చూసే పరీక్ష దానిదే. మనుషుల జ్వరం, కోడి జబ్బు, గుడ్డు తిన్నందుకు వచ్చే విరేచనాలు మూడు వేర్వేరు వ్యవహారాలు. పైనున్న చక్కెర మాత్రం ఒక్కటే. గుడ్డు వల్ల వచ్చిన కడుపునొప్పికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీ, విడాల్ స్లైడు మీద టైఫాయిడ్ ‘ఓ’ను ముద్ద కట్టించగలదు. ఆ ముద్దకు తాను ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే శక్తి లేదు.

ఈ జన్యువుల గుంపు బాక్టీరియా సొంత ఆస్తిలా కూడా కనిపించదు. సాల్మొనెల్లా క్రోమోజోములో జీ, సీ అక్షరాల వాటా సుమారు 52 శాతం. ఓ-గుంపు నడిమి జన్యువుల్లో ఆ వాటా బాగా పడిపోతుంది, కొన్నిట్లో 40 శాతం కన్నా కిందికి వెళుతుంది. ఎప్పుడో వేరే బాక్టీరియా నుంచి వచ్చి చేరిందనడానికి అది బలమైన ఆనవాలు. దీనికితోడు బాక్టీరియాను పట్టుకునే వైరసులు, అంటే ఫేజ్‌లు, తమ వెంట జన్యువులు తెచ్చి గొలుసుకు గ్లూకోజ్ తగిలిస్తాయి. టైఫిమ్యూరియం గుర్తుల్లో కనిపించే ‘ఓ-1’ అలా వచ్చిందే. ఫేజ్ ఉంటే ఆ గుర్తు ఉంటుంది, లేకపోతే ఉండదు.

ఇదంతా ప్రయోగశాల విశేషం అనుకునేవారికి మన పొరుగున జరిగిన ఒక సంగతి చెప్పాలి. కలరా మహమ్మారులు తెచ్చేది విబ్రియో కలరే అనే బాక్టీరియాలో ఓ-1 రకం (పైన చెప్పిన సాల్మొనెల్లా ఓ-1 కాదు) ఒక్కటేనని వైద్యలోకం దశాబ్దాల పాటు నమ్మింది. 1992లో మద్రాసులో ఓ-1 యాంటీసీరంతో, అంటే ఆ రకాన్ని పట్టే యాంటీబాడీలున్న సీరంతో, ముద్ద కట్టని కలరా బయటపడింది. తర్వాత వెల్లూరు, మదురై, కలకత్తా, బంగ్లాదేశ్. చిత్తూరు నుంచి వెల్లూరు గంట ప్రయాణం. ఓ-1కు అప్పటికే నిరోధకత సంపాదించుకున్న పెద్దవాళ్లు సైతం మంచాన పడ్డారు. ఆ బాక్టీరియాకు ఓ-139 అని పేరు పెట్టారు. జన్యువులు చదివాక తేలింది: అది కొత్త కలరా కాదు. పాత ఓ-1లో ఎల్‌టార్ అనే ఉపరకమే తన ఓ-గుంపులో సుమారు 22,000 అక్షరాల ముక్కను పోగొట్టుకుని, వేరే ఎక్కడి నుంచో వచ్చిన సుమారు 35,000 అక్షరాల ముక్కను చేర్చుకుంది. విషం అదే, పేగుకు అతుక్కునే పద్ధతి అదే. చక్కెర మారింది, దానితో మన పరీక్షా తప్పింది, మన నిరోధకతా తప్పింది. పైచక్కెరను చూసి సూక్ష్మజీవి ఎవరో తేల్చేయాలనుకునే ఎవరికైనా 1992 సరిపోయే పాఠం అని నా నమ్మకం.

టైఫిలో ఇంకొక చక్కెర కూడా ఉంది. 1934లో ఆర్థర్ ఫెలిక్స్, మార్గరెట్ పిట్ దాన్ని గుర్తించి ‘వీఐ’ యాంటిజెన్ అన్నారు. రోగుల నుంచి అప్పుడే తీసిన టైఫి ఓ-యాంటీసీరంతో ముద్ద కట్టకపోవడం వాళ్ల దృష్టికి వచ్చింది. కారణం, వీఐ అనే పూత ఓ-గొలుసుల మీద కప్పుకుని ఉండడమే. ఇప్పటికీ ల్యాబులో టైఫి ఓ-యాంటీసీరానికి స్పందించకపోతే దాన్ని వేడి చేసి మళ్లీ పరీక్షిస్తారు. వీఐకి కావలసిన పది జన్యువులు సుమారు 1,34,000 అక్షరాల పెద్ద ముక్కలో ఉంటాయి. ఆ ముక్క కూడా బయటి నుంచి వచ్చి చేరిందే. ల్యాబులో పదేపదే పెంచుతుంటే కొన్నిసార్లు రాలిపోతుంది కూడా. బాక్టీరియా దీన్ని ఎల్లవేళలా తొడుక్కుని ఉండదు. పేగులో ఉప్పు సాంద్రత ఎక్కువగా ఉన్నచోట తగ్గిస్తుంది, పేగు గోడ దాటి కణజాలంలోకి దిగాక పెంచుతుంది. మన రక్షక కణాలు తనను గుర్తుపట్టకుండా అలా తప్పించుకుంటుంది. పారాటైఫి-ఎకు ఈ వీఐ పూతే లేదు. ఈ సంగతిని గుర్తుంచుకోండి, టీకా దగ్గర అవసరమవుతుంది.

జన్యువుల సంగతి ఇంతసేపు చెప్పడానికి నాకు సొంత కారణం ఒకటుంది. మా చిన్నమ్మది చిత్తూరు వైపు మామిడి తోటల మధ్య పల్లె. ఒక వానాకాలం ఆమెకు జ్వరం పట్టుకుంది. దగ్గరలోని ఒక ల్యాబులో విడాల్ పాజిటివ్ అన్నారు. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. జ్వరం దిగలేదు, ఆయాసం మొదలైంది. నేను వెళ్లేసరికి నీరసంగా పడుకుని, “టైఫాయిడ్ ఇంజెక్షన్లు అన్నీ వేయించుకున్నాను కదమ్మా, ఇంకా ఎందుకు తగ్గడం లేదు?” అని అడిగింది. తిరుపతికి తీసుకొచ్చాక అక్కడి డాక్టరు ఆమెను తల నుంచి కాలి దాకా చూశారు. నడుము దగ్గర చీర కట్టుకునే చోట చిన్న నల్లటి పొక్కు కనిపించింది. అది స్క్రబ్ టైఫస్. డాక్సీసైక్లిన్ ఇచ్చిన రెండు రోజుల్లో జ్వరం దిగిపోయింది.

స్క్రబ్ టైఫస్ మన ప్రాంతానికి వింత జబ్బు కాదు. తిరుపతి ఆసుపత్రుల వైద్యులే దీని మీద వ్యాసాలు ప్రచురించారు. పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే సన్నటి పురుగు కుట్టడం వల్ల వస్తుంది. దీనికి కారణమైన ఓరియెన్షియా అనే బాక్టీరియాకు ఓ-గొలుసు లేదు, దాన్ని కట్టే జన్యువులూ లేవు. టైఫాయిడ్‌కు వాడే సెఫ్ట్రియాక్సోన్ దీని మీద పనిచేయదు. ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి తగ్గిన మనిషికి వేరే ఏ జ్వరం వచ్చినా పాత యాంటీబాడీలు కాస్త లేచే అవకాశం ఉంది. అలా లేచిన యాంటీబాడీలే కాగితం మీద పాజిటివ్‌గా వస్తాయి. కాగితం వచ్చాక ఇక ఒంటి మీద పొక్కు కోసం వెతికేవారు ఉండరు. నాకు విడాల్ మీద ఉన్న కోపమంతా ఇక్కడే. టైఫాయిడ్ అని తప్పుగా చెప్పడం కంటే, ఇంకేమీ చూడనవసరం లేదన్న ధీమాను అది కలిగించడం పెద్ద నష్టం.

స్క్రబ్ టైఫస్‌కు కూడా మన చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ వీల్-ఫెలిక్స్ పరీక్ష చేస్తారు. 1916లో ఎడ్మండ్ వీల్‌తో కలిసి దాన్ని కనిపెట్టింది వీఐని గుర్తించిన ఆ ఆర్థర్ ఫెలిక్సే. రోగి సీరంతో ప్రోటియస్ అనే వేరే బాక్టీరియా ముద్ద కడుతుందేమో చూస్తారు. రోగం తెచ్చింది ఒకటి, పరీక్షలో వాడేది ఇంకొకటి. వందేళ్ల క్రితం వేరే దారి లేదు కాబట్టి సరే. ఈ రోజు స్క్రబ్ టైఫస్‌కు దాని సొంత యాంటీబాడీలను వెతికే ఎలైసా పరీక్ష ఉంది, ఆ బాక్టీరియా డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ ఉంది.

నాతో వాదించే వైద్యులు చెప్పే మాటల్లోనూ నిజం ఉంది. బ్లడ్ కల్చర్‌కు, అంటే రక్తంలోంచి బాక్టీరియాను పెంచి చూడడానికి, రోజులు పడుతుంది. మండల కేంద్రంలో ఆ సదుపాయం దొరకదు. రోగి వచ్చేసరికే మందుల దుకాణంలో ఏదో ఒక యాంటీబయాటిక్ కొనుక్కుని వేసుకుని ఉంటాడు. కల్చర్ చేసినా టైఫాయిడ్ ఉన్నవారిలో సుమారు 60 శాతం మందిలోనే బాక్టీరియా బయటపడుతుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆ 60 శాతం ఎందుకో కూడా చూడాలి. టైఫాయిడ్ రోగి రక్తంలో మిల్లీలీటరుకు ఒక్క బాక్టీరియా కూడా ఉండకపోవచ్చు. పెద్దవాళ్ల నుంచి ఒక సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీయాలి. రెండు మూడు మిల్లీలీటర్లు తీసి, అదీ యాంటీబయాటిక్ మొదలయ్యాక తీసి, కల్చర్ పనికిరాదనడం సరికాదు. మందు మొదలుపెట్టే ముందు రక్తం తీసి సీసాలో వేసి, వెంటనే మందు ఇవ్వండి, నేను వద్దనడం లేదు. ఫలితం వచ్చాక మందును మార్చవచ్చు, ఆపవచ్చు. పైగా కల్చర్ ఒక్కటే బాక్టీరియాను చేతికి ఇస్తుంది. అది ఏ మందుకు లొంగుతుందో చెబుతుంది. ఒకప్పుడు టైఫాయిడ్‌కు నమ్మకంగా వాడిన సిప్రోఫ్లాక్సాసిన్ మన దేశంలో చాలావరకు పనిచేయడం మానేసింది. 2016లో పాకిస్తాన్‌లోని సింధ్‌లో సెఫ్ట్రియాక్సోన్‌కూ లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. విడాల్ కాగితం ఈ విషయంలో ఒక్క అక్షరమూ చెప్పదు.

టైఫాయిడ్ మన దగ్గర లేదని నేను అనడం లేదు. వెల్లూరులో పిల్లలను క్రమంగా గమనిస్తూ, కల్చర్ చేసి లెక్కించినప్పుడు అది ఎక్కువగానే ఉందని తేలింది. అలా లెక్కిస్తేనే ఎంత ఉందో తెలుస్తుంది. విడాల్ లెక్కలతో టీకా ఎక్కడ అవసరమో, నీళ్ల పైపు ఎక్కడ పాడైందో ఎవరూ చెప్పలేరు.

టీకా మాట వచ్చింది కాబట్టి, ఈ చక్కెరలు మనకు అక్కరకొచ్చే చోటు కూడా చెప్పాలి. వీఐ చక్కెరను ఒంటరిగా టీకాగా ఇస్తే రెండేళ్ల లోపు పిల్లల్లో సరిగా పనిచేయదు. వాళ్ల రోగనిరోధక వ్యవస్థ ఒట్టి చక్కెరకు గట్టిగా స్పందించదు. అదే చక్కెరను ధనుర్వాతం టాక్సాయిడ్ అనే ప్రొటీనుకు అతికిస్తే స్పందిస్తుంది, జ్ఞాపకమూ నిలుస్తుంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన అలాంటి టీకాను ఆరు నెలల శిశువుల నుంచి ఇవ్వవచ్చు. నేపాల్‌లో జరిగిన ప్రయోగంలో అది కల్చర్‌తో నిర్ధారించిన టైఫాయిడ్‌ను సుమారు 80 శాతం అడ్డుకుంది. గమనించండి, విడాల్‌తో కాదు, కల్చర్‌తో నిర్ధారించిన టైఫాయిడ్. దీన్ని సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేర్చాలని 2022లో మన దేశ టీకాల సలహా బృందం సిఫార్సు చేసింది.

కానీ వీఐ టీకా పారాటైఫాయిడ్‌ను ఆపలేదు. పారాటైఫి-ఎకు ఆ పూత లేదని పైన చెప్పాను కదా. అందుకే పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ రెండు చక్కెరలతో ఒక టీకా తయారుచేసింది. ఒకటి టైఫి వీఐ, రెండోది పారాటైఫి-ఎ ఓ-2. దాని తొలి దశ మానవ ప్రయోగ ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఓ-2 అంటే టైవ్ జన్యువులో ఒక్క అక్షరం పోవడం వల్ల అలాగే మిగిలిపోయిన ఆ పారటోజ్ గుర్తు. దాని నిర్మాణం, దాని జన్యువులు తెలిసినవాళ్లే దాన్ని టీకాగా మలచగలిగారు. చక్కెర మీద నాకు ఫిర్యాదు లేదు. దాన్ని ఎక్కడ నమ్మాలో తెలియకుండా వాడడం మీదే.

తిరుపతికి వైద్య కళాశాల ఉంది, స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి, పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, ఐసర్ అనే విజ్ఞాన పరిశోధన సంస్థ ఉంది. రోజూ వేల మంది యాత్రికులు దిగి, ఇక్కడి నీళ్లు తాగి, తమ ఊళ్లకు జ్వరాలతో సహా వెళ్లిపోయే పట్నం ఇది. ఇలాంటి చోట జ్వరాలకు పేరు పెట్టే పని 1896 నాటి స్లైడుకు వదిలేయడం నాకు మింగుడుపడదు. చిత్తూరు, పలమనేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి ఆసుపత్రుల్లో బ్లడ్ కల్చర్ సీసాలు అందుబాటులో ఉంచి, తీసిన రక్తాన్ని ఆ రోజే తిరుపతిలోని ల్యాబుకు చేర్చే ఏర్పాటు ఉంటే చాలావరకు పని జరుగుతుంది. ఫలితాన్ని ఫోనులో పంపవచ్చు. ప్రైవేటు ల్యాబుల నివేదికల్లో విడాల్ అంకె పక్కన ‘పాజిటివ్’ అన్న మాట ముద్రించడం ఆపించాలి. ఆ స్థానంలో ‘కల్చర్ లేకుండా ఈ ఫలితంతో టైఫాయిడ్ నిర్ధారించరాదు’ అని తెలుగులో, రోగి చదవగలిగే పెద్ద అక్షరాల్లో వేయించాలి. మీ ఇంట్లో ఈసారి జ్వరం నాలుగో రోజుకు వస్తే, యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందు డాక్టరు గారిని అడగండి: కల్చర్‌కు రక్తం తీశారా, ఒంటి మీద నల్ల పొక్కు కోసం చూశారా అని.